సరిపడా మంది లేని చోట

(విద్యా సంవత్సరం మొదట్లో ఒక చిన్న విశ్వవిద్యాలయంలో విద్యార్థులకు, అధ్యాపకులకు, సిబ్బందికి ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ నుంచి రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి నా మాట స్పష్టంగా వినిపిస్తోందా? లేదా? అలాగైతే ముందుకి రండి. మొదటి నాలుగు వరుసలూ వదిలేసి అందరూ గోడ దగ్గర చేరితే ఎలా? రండి, రండి. భయపడకండి, లేపి ప్రశ్నలు అడగను.

ముందుకి రమ్మన్నది మర్యాద కోసం కాదండీ. దీని వెనక ఫిజిక్స్ ఉంది. 1895లో హార్వర్డ్ యూనివర్సిటీకి ఒక చిక్కు వచ్చింది. ఫాగ్ ఆర్ట్ మ్యూజియంలో కొత్తగా లెక్చర్ హాలు కట్టించారు. చూడటానికి బాగుంది. నిలబడి మాట్లాడితే మాత్రం ఒక్క ముక్క అర్థం కాదు. నోట్లోంచి వచ్చిన మాట అయిదున్నర సెకన్ల పాటు గదిలో తిరుగుతూనే ఉంటుంది. అయిదున్నర సెకన్లు! రెండో వాక్యం అయిపోతున్నా మొదటి వాక్యం ఇంకా గాల్లోనే ఉంటుంది. దీన్ని బాగుచెయ్యమని వాలెస్ సబైన్ అనే కుర్ర ఫిజిక్స్ అధ్యాపకుడికి అప్పగించారు. ఆయనేం చేశాడు? రాత్రిళ్లు, చుట్టుపక్కల అంతా సద్దుమణిగాక, దగ్గర్లోని శాండర్స్ థియేటర్ నుంచి సీటు కుషన్లు మోయించుకొచ్చి హాల్లో పరిచేవాడు. ఒక ఆర్గన్ పైపు మోగించి, ఆ శబ్దం పూర్తిగా అణగడానికి ఎంతసేపు పడుతోందో కొలిచేవాడు. ఇంకొన్ని కుషన్లు వేసి మళ్లీ కొలిచేవాడు. తెల్లారేలోపు కుషన్లన్నీ తిరిగి థియేటర్‌కి చేర్చాలి, లేకపోతే అక్కడివాళ్లు ఊరుకోరు. ఇవాళ కచేరీ హాళ్లు కట్టేవాళ్లు వేసే లెక్కకి మూలం ఆ రాత్రుల పనే.

ఆ కొలతల్లో ఒక సంగతి తేలింది. ఒక మనిషి వచ్చి కూర్చుంటే సుమారు ఆరు కుషన్లు పరిచినంత ఫలితం. అంటే ఏమిటి? మీరు చప్పట్లు కొట్టకపోయినా, పాట నచ్చకపోయినా, ఊరికే వచ్చి కూర్చున్నా సరే, ఆ హాల్లో పాట ఎలా వినిపించాలో నిర్ణయించేవాళ్లలో మీరూ ఒకరు. ఖాళీ హాల్లో రిహార్సల్ చేసిన పాట, జనం నిండాక అదే పాటలా ఉండదు. పాడేవాళ్లకి ఇది అనుభవమే.

చిన్న యూనివర్సిటీల్లో ఎక్కడ చూసినా జరిగేదేమిటి? అయిదు వందల మంది పట్టే ఆడిటోరియం తీసుకుంటారు. అరవై మంది వస్తారు. ఆ అరవై మందీ విడివిడిగా, దూరదూరంగా కూర్చుంటారు. శబ్దం పాడవుతుంది, పాడేవాళ్ల ఉత్సాహం చల్లారిపోతుంది, చివర్లో నిర్వాహకులు "ఇక్కడ కళాభిమానం లేదండీ" అంటారు. అరవై మంది వచ్చారు కదయ్యా! వాళ్లని డెబ్భై మంది పట్టే గదిలో కూర్చోబెట్టు. కిక్కిరిసిపోతుంది. వచ్చే నెల కార్యక్రమానికి చోటు దొరకదేమోనని ముందే వస్తారు.

సరే, అసలు విషయానికి వస్తాను. నాకు తరచుగా వినిపించే మాట ఒకటుంది. "మాది చిన్న యూనివర్సిటీ అండీ. సంగీత విభాగం లేదు, ఉన్నా ఇద్దరే టీచర్లు. వయొలిన్ వాయించేవాళ్లు ముగ్గురు, అందులో ఒకరికి పరీక్షలు. ఇక్కడ ఏం చేస్తాం?" ఈ మాట విద్యార్థులూ అంటారు, అధ్యాపకులూ అంటారు. సరిపడా మంది లేరు. ఇదే కదా ఫిర్యాదు? నేనేమంటానంటే, సరిపడా మంది లేకపోవడమే మన పెట్టుబడి. ఇది ఓదార్పు మాట కాదు. దీని మీద పరిశోధన జరిగింది.

రోజర్ బార్కర్, పాల్ గంప్ అని ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో 13 హైస్కూళ్లు తీసుకుని పరిశీలించారు. ముప్ఫై అయిదుగురు పిల్లలున్న బడి నుంచి 2,287 మంది ఉన్న బడి దాకా. 1964లో ఫలితాలు అచ్చయ్యాయి. పెద్ద బడిలో నాటకాలు ఎక్కువ, బ్యాండు పెద్దది, క్లబ్బులు ఎక్కువ. అది అందరికీ తెలిసిందే. మరి ఒక్కొక్క పిల్లవాణ్ణి విడిగా పట్టుకుని, నువ్వు స్వయంగా ఎన్నిట్లో చేశావు, ఎన్నిట్లో బాధ్యత తీసుకున్నావు అని అడిగితే? చిన్న బడి పిల్లలదే పైచెయ్యి. పెద్ద బడి పిల్లలు చూశారు. చిన్న బడి పిల్లలు చేశారు. ఎందుకని? నాటకానికి పదిమంది కావాలి, ఉన్నదే ముప్ఫై అయిదుగురు. నువ్వు రాకపోతే నాటకం ఆగిపోతుంది. అంతే!

అందులో నాకు అన్నిటికన్నా విలువైందిగా తోచింది ఇంకొకటి. చదువులో వెనకబడినవాళ్లు, ఎవరూ పట్టించుకోనివాళ్లు ఉంటారు కదా, పెద్ద బడిలో వాళ్లు పూర్తిగా బయటే ఉండిపోయారు. చిన్న బడిలో వాళ్లకి కూడా, మిగతావాళ్లతో సమానంగా, 'నేను వెళ్లాలి, నా కోసం ఎదురుచూస్తుంటారు' అన్న బాధ్యత ఉంది. ఎదురుచూస్తుంటారు అన్న మాట గమనించండి. హాస్టల్ గదిలో తలుపేసుకుని కూర్చున్న కుర్రవాణ్ణి బయటికి రప్పించడానికి కౌన్సెలింగ్ అవసరమే, కాదనను. ఆరు గంటలకి రిహార్సల్ ఉంది, తబలా నీదే అని ఎవరైనా తలుపు కొట్టడం కూడా అవసరమే.

చిన్న చోట ఏం జరుగుతుందో చెప్పడానికి నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ బ్లాక్ మౌంటెన్ కాలేజీ. నార్త్ కరోలినాలో 1933లో మొదలై 1957లో మూతపడింది. ఏ సమయంలో చూసినా వంద మంది విద్యార్థులు ఉంటే గొప్ప. థియేటర్ లేదు. ఏది చేసినా భోజనాల హాల్లోనే. 1948 వేసవిలో అక్కడ ఎరిక్ సాటీ రాసిన ఒక చిన్న ఫ్రెంచి హాస్య నాటకం వేశారు. ప్రధాన పాత్రకి నటుడు కావాలి. ఎవరున్నారు? బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ ఉన్నారు. అవును, గోళాకారపు డోములకి పేరుపడ్డ ఆర్కిటెక్టు, అప్పుడు అక్కడి అధ్యాపకుడు. ఆ వేసవిలోనే ఆయన అక్కడ ఒక పెద్ద డోము లేపబోతే అది లేవలేదు, నేల మీద చతికిలబడింది. ఆయనకి నటన కొత్త. నలుగురిలో నవ్వులపాలవుతానేమోనని బిగుసుకుపోయేవారు. ఆయనకి నటన నేర్పింది ఎవరు? ఆర్థర్ పెన్ అనే విద్యార్థి. తర్వాత హాలీవుడ్‌లో పెద్ద దర్శకుడు అయ్యాడు, అప్పటికి మాత్రం కుర్రవాడే. ఏం చేశాడంటే, ఫుల్లర్‌తో పాటు తనూ కోతి గంతులు వేస్తూ, పిచ్చి చేష్టలు చేస్తూ, ఆయన బిడియం వదిలేదాకా ఆయనతోనే ఉన్నాడు. అదే నాటకంలో మెర్స్ కన్నింగ్‌హామ్ అనే నర్తకుడు మరకోతి వేషం కట్టి నాట్యం చేశాడు. తర్వాత ఆయన తన డాన్స్ కంపెనీ పెట్టింది కూడా 1953లో అక్కడే.

ఇక్కడ నేను చెప్పదలుచుకున్నది పెద్ద పేర్ల గురించి కాదు. అధ్యాపకుడు విద్యార్థి చేతి కింద నటించాడు. పొద్దున క్లాసులో ఆయన చెప్పాడు, ఇతను రాసుకున్నాడు. సాయంత్రం ఇతను చెప్పాడు, ఆయన విన్నాడు. పెద్ద చోట దీనికి అవకాశం ఉందా? నటులు బోలెడుమంది ఉంటే ఆర్కిటెక్చర్ సారుని ఎవరు పిలుస్తారు? మన దగ్గర నటులు లేరు. కాబట్టి పిలవాలి. రిజిస్ట్రార్ ఆఫీసులో హార్మోనియం వాయించేవాళ్లు ఉన్నారేమో ఎవరైనా అడిగారా? లైబ్రరీలో పనిచేసేవారికి ఎన్ని పాటలు వచ్చో మీకు తెలుసా? ఈ ముందు వరుసలో ఉన్న అధ్యాపకులని కూడా అడుగుతున్నాను. నవ్వుతున్నారు గానీ, మీలో కనీసం ఇద్దరికి వేషం తప్పదు.

ఇప్పుడు "నాకు రాదు" అనేవాళ్ల సంగతి. "నాకు గొంతు లేదు", "నాకు తాళం నిలవదు". ఇది నిజమే అయి ఉండొచ్చు. దీనికి జవాబు జావాలో దొరుకుతుంది. గామెలాన్ అని ఇండొనేషియా వాద్యబృందం. కంచు గంటలు, పలకలు, మృదంగం లాంటి కెందాంగ్, వీటన్నిటికీ ఆధారంగా పెద్ద గాంగ్. ఆ బృందంలో కమానుతో వాయించే రెబాబ్, లోహపు పలకల గెండెర్ లాంటివి వాయించడానికి ఏళ్ల తరబడి సాధన కావాలి. సారోన్ అనే పలకల వాద్యం మీద అసలు వరస వాయించడం కొత్తవాడు కూడా కొద్దికాలంలోనే పట్టుకోగలడు. గాంగ్ దగ్గర కూర్చున్నవాడికి ఆవృత్తం పూర్తయినప్పుడు ఒకే ఒక్క దెబ్బ. కానీ ఆ దెబ్బ తప్పితే మొత్తం తప్పుతుంది. చూశారా? పండితుడూ, నిన్న చేరినవాడూ ఒకే పాటలో, ఒకే సమయంలో కూర్చున్నారు. ఎవరి పనీ దండగ కాదు. పైగా ఆ వాద్యాలన్నిటినీ ఒక సెట్టుగా, ఒకదానితో ఒకటి కలిసేలా శ్రుతి చేస్తారు. ఈ సెట్టులో గంట తీసుకెళ్లి ఇంకో సెట్టులో పెడితే కలవదు. కాబట్టి ఎవరి వాద్యం వాళ్లు ఇంటికి పట్టుకుపోయి ఒంటరిగా వాయించుకోవడం ఉండదు. అందరూ అక్కడికే రావాలి.

అమెరికాలో వెస్లియన్ యూనివర్సిటీ అని ఉంది, కనెక్టికట్ రాష్ట్రంలో మిడిల్‌టౌన్ అనే చిన్న ఊళ్లో. ఇప్పటికీ విద్యార్థులు మూడు వేల చిల్లరే. 1960లలో అక్కడ ఈ గామెలాన్ ఉంది, కర్ణాటక సంగీతమూ ఉంది. మృదంగ విద్వాంసుడు టి. రంగనాథన్ వచ్చి పాఠం చెప్పారు. ఆయన తమ్ముడు, వేణువు విశ్వనాథన్ కూడా అక్కడే చాలాకాలం బోధించారు. వాళ్ల అక్క బాలసరస్వతి నాట్యం నేర్పారు. ఒక్క కుటుంబం నుంచి ముగ్గురు! అక్కడ చదువుకుంటూ ఈ సంగీతం విన్న కుర్రవాడే జాన్ హిగ్గిన్స్. 1962లో అక్కడే డిగ్రీ పూర్తిచేశాడు. తర్వాత ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ మీద మన దేశం వచ్చి నేర్చుకుని, తిరువయ్యూరులో త్యాగరాజ ఆరాధనలో పాడాడు. జనం ఆయన్ని హిగ్గిన్స్ భాగవతార్ అన్నారు. మన తెలుగు మాట ఆయన నోట ఎంత శుభ్రంగా పలికేదో రికార్డింగులు వినండి, నేను చెప్పక్కర్లేదు. ఆయన తర్వాత మళ్లీ ఆ యూనివర్సిటీకే వెళ్లి అక్కడి కళాకేంద్రానికి డైరెక్టర్ అయ్యాడు. 1984లో రోడ్డు ప్రమాదంలో పోయాడు, నలభై అయిదేళ్లకే. అక్కడ 1970లలో మొదలైన నవరాత్రి ఉత్సవం ఆ తర్వాత కూడా కొనసాగింది.

హిగ్గిన్స్ దాకా వెళ్లమని మీకు చెప్పడం లేదు. వెయ్యి మందిలో ఒకరు అలా వెళ్తారు. మిగతా తొమ్మిది వందల తొంభై తొమ్మిది మంది గాంగ్ కొడతారు, కుర్చీలు వేస్తారు, వింటారు. వాళ్లు లేకపోతే ఆ ఒక్కడూ లేడు.

ఇప్పుడు కొంచెం ఇబ్బందికరమైన విషయం. డబ్బు. వేదిక మీద మన వీసీ గారు కూడా ఉన్నారు కాబట్టి ఇప్పుడే చెప్పేస్తాను.

నాష్‌విల్‌లో ఫిస్క్ యూనివర్సిటీ. అమెరికా అంతర్యుద్ధం అయ్యాక, బానిసత్వం నుంచి బయటపడినవాళ్ల చదువు కోసం 1866లో పెట్టారు. అయిదేళ్లు తిరిగేసరికి అప్పుల్లో కూరుకుపోయింది. జార్జ్ వైట్ అని అక్కడి కోశాధికారి. చిన్న చోటు కదా, సంగీతం చెప్పేది కూడా ఆయనే! 1871 అక్టోబరు 6న ఆయన తొమ్మిది మంది విద్యార్థుల్ని తీసుకుని, ఖజానాలో మిగిలిన కాస్త డబ్బూ దారిఖర్చులకి పట్టుకుని బయల్దేరాడు. ఆ పిల్లల్లో ఎక్కువమంది బానిసలుగా పుట్టినవాళ్లే. మొదట్లో వాళ్లకి ఆదరణ లేదు, హోటళ్లలో గది ఇచ్చేవాళ్లు కాదు. సిన్సినాటిలో వచ్చిన కొద్దిపాటి డబ్బు కూడా షికాగో అగ్నిప్రమాద బాధితులకి ఇచ్చేశారు. ఊహించండి, తమ యూనివర్సిటీయే మునిగిపోతుంటే!

అప్పటికి వాళ్లు ఎక్కువగా పాడుతున్నవి ఆనాటి శ్రోతలకి అలవాటైన పాటలు. తమ అమ్మానాన్నలు బానిస బతుకులో పాడుకున్న భక్తిగీతాలు వాళ్లకి పవిత్రమైనవి. తమలో తాము తలుపులు వేసుకుని పాడుకునేవాళ్లు. పరాయివాళ్ల ముందు పాడటానికి మనసొప్పేది కాదు. మెల్లగా అవి పాడటం మొదలుపెట్టాక విన్నవాళ్లు కదిలిపోయారు. ఇంగ్లండు వెళ్లి విక్టోరియా రాణి ముందు పాడారు. అప్పులు తీరాయి, యూనివర్సిటీలో జూబిలీ హాల్ అనే భవనం లేచింది. ఇప్పటికీ ఏటా అక్టోబరు 6న ఆ యూనివర్సిటీలో వాళ్లని తలుచుకుంటారు.

ఇక్కడితో ఆపేస్తే కథ బాగుంటుంది. కానీ ఆపకూడదు. ఏళ్ల తరబడి విశ్రాంతి లేని ప్రయాణాలతో ఆ పిల్లల ఆరోగ్యాలు దెబ్బతిన్నాయి, చదువులు వెనకబడ్డాయి. 1878లో ఆ బృందం విడిపోయింది. భవనం నిలబడింది, దాన్ని నిలబెట్టినవాళ్లు అలసిపోయారు.

మన దగ్గర కూడా ఇలాంటిదే చూశాం కదా. శాంతినికేతన్ కోసం రవీంద్రనాథ్ టాగూర్, 75వ ఏట, విద్యార్థుల బృందాన్ని వెంటేసుకుని నృత్యనాటిక ప్రదర్శిస్తూ ఊరూరా విరాళాలకి తిరిగారు. 1936లో ఢిల్లీలో ఆయన అవస్థ చూసి గాంధీ గారు తట్టుకోలేక 60 వేల రూపాయలు సమకూర్చి ఇప్పించారు, ఇక చాలు, ఇంటికి వెళ్లండి అని. అదే శాంతినికేతన్‌లో కళ ఎలా ఉండేదో చూడండి. వాన వస్తే వానకి పండుగ, వసంతానికి పండుగ, మొక్క నాటితే పాట. తెల్లవారకముందే విద్యార్థులు పాడుకుంటూ ఆవరణ అంతా తిరిగేవాళ్లు. నాటకం వేస్తే నందలాల్ బోస్ లాంటి చిత్రకారుడు వేదిక అలంకరణ చూసేవాడు. టాగూర్ స్వయంగా వేషం కట్టేవారు. అవన్నీ ఎవరి కోసం? తమ కోసం. బయటివాళ్లకి చూపించడానికి కాదు.

అందుకని పాలకవర్గానికి నా విన్నపం ఏమిటంటే, విద్యార్థుల కళని ప్రచార సామగ్రిగా వాడకండి. ఎవరో పెద్దవాళ్లు వచ్చినప్పుడు ఒక డాన్సు, బ్రోచరు కవరు మీద ఒక ఫొటో, మిగతా ఏడాదంతా రిహార్సల్ గదికి తాళం. ఇదేనా? ఆ తాళం చెవి విద్యార్థుల చేతికి ఇవ్వండి. వస్తువులు పోతాయంటారా? ఒకటీ అరా పోతే పోతాయి. వాడని తబలా ఎలాగూ పాడవుతుంది.

కొత్తగా చేరినవాళ్లకి ఒక మాట. ఆక్స్‌ఫర్డ్‌లో రాబిన్ డన్‌బార్ బృందం 2015లో ఒక పరిశోధన ప్రచురించింది. పెద్దల కోసం పెట్టిన తరగతులు, కొన్నిట్లో పాటలు, కొన్నిట్లో చేతిపనులు, కొన్నిట్లో రచన. ఏడు నెలలు గమనించారు. చివరికి వచ్చేసరికి అన్ని తరగతుల్లోనూ స్నేహాలు దాదాపు సమానంగానే ఉన్నాయి. ఏడు నెలలు కలిసి కూర్చుంటే ఎవరికైనా దగ్గరితనం వస్తుంది మరి. తేడా ఎక్కడంటే మొదట్లో. పాటల తరగతివాళ్లు మిగతావాళ్లకంటే త్వరగా దగ్గరయ్యారు. ఒకరి పేరు ఒకరికి సరిగ్గా తెలియకముందే! అంటే మొదటి వారంలోనే అందరిచేతా పాడించాలి. మనం ఏం చేస్తున్నాం? మొదటి వారం నియమావళి చదివి వినిపిస్తున్నాం, సంవత్సరం చివర్లో ఫెస్ట్ పెట్టి పాడిస్తున్నాం. అప్పటికి ఎవరి గుంపు వాళ్లకి ఏర్పడిపోయింది. ఆ తర్వాత పాటలు పెడితే ఆ గుంపులు పోటీ పడతాయి, కలవవు.

పోటీల గురించి ఎక్కువ చెప్పను. పోటీ పెట్టండి, తప్పులేదు. కానీ ఏడాదిలో జరిగేవన్నీ పోటీలే అయితే రెండో రౌండు నుంచి తొంభై శాతం మంది ప్రేక్షకులే. చిన్న చోట అది మనం భరించలేని ఖర్చు.

చివరగా చెప్పాల్సింది, నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఒకటుంది. మీరంతా వెళ్లిపోతారు. మూడేళ్లకో నాలుగేళ్లకో. పెద్ద యూనివర్సిటీలో ఒకరు వెళ్తే పదిమంది మిగులుతారు. ఇక్కడ లైట్లు తెలిసిన అమ్మాయి ఒక్కతే, ఆ అమ్మాయి వెళ్తే లైట్లు వెళ్లినట్టే. అందుకని ప్రతి పనికీ ఇద్దరుండాలి, ఒకరు సీనియరు, ఒకరు జూనియరు. ప్రదర్శన రోజు బోర్డు మీద చెయ్యి జూనియరుది, పక్కన నిలబడేది సీనియరు. రివర్స్ చెయ్యకండి. ఇంకా ఒక పుస్తకం పెట్టండి. మామూలు నోటు పుస్తకం చాలు. ఏ ప్లగ్గులో పెడితే గుయ్యిమంటుంది, ఏ మైకు మధ్యలో ఆగిపోతుంది, తెర ఏ వైపు ఇరుక్కుంటుంది, కిందటేడు కోరస్‌లో ఏ పాట ఏ శ్రుతిలో పెడితే అందరికీ అందింది, ఏది పైకి పోయి గొంతులు పట్టేశాయి. ఇవన్నీ రాయండి. ఫోనులో రాస్తే ఫోనుతో పాటే వెళ్లిపోతుంది, కాగితం మీద రాసి గదిలోనే ఉంచండి.

బయట బల్ల మీద కాగితాలు ఉన్నాయి. పేరు, ఏ పని కావాలి, ఏ సాయంత్రాలు ఖాళీ, అంతే రాయండి. ఏం వచ్చో రాయక్కర్లేదు. ప్రస్తుతానికి ప్రాంప్టింగుకి ఒకరు, లైట్లకి ఇద్దరు, కోరస్‌లో బరువు గొంతులు ఎన్ని దొరికితే అన్ని కావాలి. అధ్యాపకుల కోసం విడిగా కాగితం పెట్టలేదు, అదే కాగితంలో రాయండి. ఇక ప్రశ్నలుంటే అడగండి.